తెర మీద పుల్లన్న

ఆ పొద్దున హేమావతి టీచరు అనుకున్నది చిన్న పని. యాడికి అనే ఊరి పక్క పల్లెలో, తన బడి పిల్లలకు ఇంగ్లీషు సంభాషణలు వీడియోలో చూపించాలి. తాడిపత్రిలో పెళ్లిళ్లకు వీడియో తీసే ఓబులేష్ దగ్గర టీవీ, వీసీఆర్ అద్దెకు తెప్పించింది. టీవీలో వచ్చే పాఠాలను అతనే ఒక పాత క్యాసెట్టు మీదికి ఎక్కించి ఇచ్చాడు. వెలుతురు పడకుండా కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. బయట ఎండిన వేరుశనగ చేల మీద వేడిగాలి ఈల వేస్తోంది.

తెర మీద ఒక దొరసాని తలుపు వైపు తిరిగి, "హూ ఈజ్ దేర్?" అంది.

బొమ్మ వణికింది. గీతల్లోంచి ఒక ముఖం మెల్లగా ముందుకొచ్చింది. పోయిన ఎండాకాలం వడదెబ్బకు చేలోనే ప్రాణం వదిలిన కూలి పుల్లన్న! నేరుగా పిల్లల కళ్లలోకి చూశాడు.

"గొంతు ఎండిపోతాండాది. నీళ్లు ఈండప్పా."

అంతలో కరెంటు పోయింది.

చీకట్లో హేమావతి చేతిలో సుద్దముక్క విరిగింది. ఆ చిన్న చప్పుడుకే పిల్లలు కేకలు పెట్టి, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పరుగెత్తారు.

మధ్యాహ్నానికి ఊరంతా బడి ముందుంది.

"దప్పికతో పోయినోడు. ఆ దొరసాని ఎవరని పిలిచె, ఈయన పలికె. పెట్టె పగలగొట్టల్ల!" అన్నాడు పెద్దమనిషి తిప్పేస్వామి.

ట్యాంకరు నీళ్లకు జుట్లు పట్టుకునే ఊరది. అయినా ఇంటికొక బిందె తెచ్చి తరగతి గడప ముందు పెట్టారు. పుల్లన్న భార్య బయమ్మ తన బిందె పక్కనే కూలబడి ఏడుస్తోంది. గాలి ఆగిపోయింది. బిందెల్లో నీళ్లు మాత్రం సన్నగా వణుకుతున్నాయి. అది చూసి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

టీవీకి ముప్పొచ్చిందని విని ఓబులేష్ పరుగున వచ్చాడు.

"అయ్యో మేడం, అది తాడిపత్రి గంగప్ప కూతురి పెండ్లి క్యాసెట్టు! దానిమీదనే పాఠం ఎక్కించినా. నడిమధ్య పాత బొమ్మ చెరగలేదేమో!"

జనం హమ్మయ్య అనుకున్నారు. బయమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"మా అన్న కూతురి పెండ్లా? మళ్లా ఎయ్యి."

అప్పటికి కరెంటు వచ్చింది. పుల్లన్న మళ్లీ నీళ్లడిగాడు. ఈసారి కెమెరా ముఖం మీంచి కిందికి దిగింది. విస్తరి నిండా పూర్ణం నింపిన ఓళిగలు, వాటి మీద కాలువ కట్టిన నెయ్యి.

"చేను గట్టు తగాదా అని నన్ను మా అన్న గడప తొక్కనీకపోతివే! కణేకల్‌కు వరికోతకు పోతానని చెప్పి, ఆడ కూసోని ఓళిగలు తింటాంటివా?" బయమ్మ తెర మీదికి వేలు చూపించి అరిచింది. "నీళ్లు మా అన్ననే అడుగు, పో!"

బిందె ఎత్తి చంకన పెట్టుకుంది.

"ఇంటికా బయమ్మా?" హేమావతి మెల్లగా అడిగింది.

"బిందె ఇంట్లో పెట్టి, తాడిపత్రి బస్సుకు మేడం. మా అన్న మొగం చూసి నాలుగేండ్లాయె."

మిగతావాళ్లు కూడా ఎవరి బిందెలు వాళ్లు తీసుకుపోయారు. ఇక పుల్లన్న దయ్యమై తిరుగుతాడన్న భయం ఊళ్లో ఎవరికీ లేకపోయింది. బయమ్మ ఉన్న ఊరికి రావడానికి అతనికి మాత్రం ధైర్యం ఉండొద్దూ?