మందకు రెండు శాఖలు

ఆ పొద్దు ఆదెప్ప వేసుకున్న పథకం చిన్నదే. మట్టిశాస్త్రం ఆచార్యుడు రామాంజనేయులును పొద్దున జీపులో కంబదూరు దగ్గరి చేనికి తీసుకుపోవాలి. సమాజశాస్త్రం ఆచార్యురాలు హేమావతి మధ్యాహ్నం బస్సుకు వస్తుంది. ఒకరికొకరు ఎదురుపడకూడదు. ఇద్దరూ సరేనంటే అతనికి తాత్కాలిక లెక్చరరు పోస్టు ఖాయమవుతుంది.

ఆదెప్ప పరిశోధన గొర్రెలమంద మీద. వేరుశనగ చేనులో రాత్రిళ్లు మందను పడుకోబెడితే మన్ను ఎట్లా మారుతుంది, రైతుకూ కాపరికీ ఒప్పందం ఎట్లా నడుస్తుంది, రెండూ రాశాడు. పోయినసారి మట్టి శాఖ వాళ్లు "ఇది మనుషుల గోల, మాది కాదు" అన్నారు. సమాజ శాఖ వాళ్లు "గొర్రె పెంటికల్లో నత్రజని ఎంతుంటే మాకేమి?" అన్నారు. అందుకే ఈసారి ముందురోజే తెలివి చూపాడు. రామాంజనేయులుతో, "మనుషుల భాగం ఊరికే రాసినా సార్" అన్నాడు. హేమావతితో, "మట్టి పరీక్షలు పేజీలు నింపేదానికి మేడం" అన్నాడు. మంద కాసే చిన్నాయన ఎర్రప్పకూ పాఠం చెప్పిపెట్టాడు. సార్ వస్తే నోరు తెరవొద్దు. మేడం వస్తే మన్ను ముట్టొద్దు.

మధ్యాహ్నం బస్సు రాదని తెలిసి హేమావతి పొద్దున జీపులోనే ఎక్కి కూర్చుంది. దారి పొడుగునా ఆదెప్ప ఇద్దరినీ పరిశోధన మాట ఎత్తనీయలేదు.

చేనిలో రామాంజనేయులు, "ఈడ మంద పెట్టి ఎన్నాళ్లయింది పెద్దాయనా?" అని అడిగాడు. ఎర్రప్ప పెదాలు బిగించుకుని ఆకాశం చూశాడు.

"ఆయనకు చెవుడు సార్" అన్నాడు ఆదెప్ప.

"మందకు రైతు ఏమిస్తాడు?" అని హేమావతి అడిగింది.

"జొన్నలిస్తాడమ్మా. సందకాడ సంగటి పెడతాడు."

"చెవుడంటివే!" అన్నాడు రామాంజనేయులు.

"ఆయనకు ఆడోళ్ల గొంతు ఇనపడుతుంది సార్."

హేమావతి వంగి పిడికెడు మన్ను తీసి, "ఇది మంద పడుకున్న మన్నేనా, చూడు" అని చేతికివ్వబోయింది. ఎర్రప్ప నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"మన్ను పడదు మేడం ఆయనకు. దురద."

ఎర్రప్ప ఇంక ఓర్చుకోలేకపోయాడు. "ఏమప్పా ఆదెప్పా, సారుతో మాట్లాడొద్దంటివి, అమ్మ ముందర మన్ను ముట్టొద్దంటివి. ఇద్దరూ ఒకేసారి వచ్చినారు. మాట్లాడేటోన్ని చెవిటోన్ని జేస్తివి. పుట్టినకాడ్నుంచి మన్నులో పండుకున్నోనికి దురదంటివి. ఇప్పుడేం జేయల్లో చెప్పు, జేస్తా. నీ ఉద్యోగమంటివే, అందుకే అడుగుతాండా."

ఆదెప్ప తల దించుకున్నాడు. గొర్రెలు కూడా తననే చూస్తున్నట్టు అనిపించింది. అన్నిటికంటే చిన్నాయన వైపు చూడడమే కష్టమైంది.

"నేను వచ్చిందే మట్టి పరీక్షల కోసం" అంది హేమావతి నెమ్మదిగా. "ఒప్పందం చేనుకు ఏం చేస్తుందో చూపించినవాళ్లు మా శాఖలో లేరు. నువ్వేమో పేజీలు నింపేదానికంటివి."

"నాదీ అదే కథ" అన్నాడు రామాంజనేయులు. "మంద ఒక చేనికి ఎందుకొస్తాది, ఇంకోదానికి ఎందుకు రాదు అని మావాళ్లు ఎన్నడూ అడగల్యా. అది రాసినావనే సరే అందామని వస్తి. ఊరికే రాసినా అంటివి కదప్పా."

"మనుషుల భాగం ఊరికే, మట్టి భాగం పేజీలకే" అంది హేమావతి. "ఇంక మిగిలిందేమి?"



ఆ రెండు శాఖలూ ఒకే మాట మీదికి రావడం అదే మొదటిసారి: ఆదెప్పకు పోస్టు ఇవ్వలేం.