కంప్యూటర్ సంఘం సభ్యుల సామూహిక అదృశ్యం

"ఈ స్ఫాక్స్ నగరంలో నేరమనేది ఇక బతికి బట్టకట్టదు! ఎందుకో అడుగు."

"ఎందుకు?"

"నేనున్నాను గనక!"

బెహ్జత్ ఈ మాటని లబ్లాబీ అనే శనగల పులుసు గిన్నెలోంచి ఒక గింజను చెంచాతో ఎత్తిపట్టి, దాన్నే ముద్దాయిలా చూస్తూ అన్నాడు. మా విశ్వవిద్యాలయం కంప్యూటర్ సంఘానికి అతను ప్రచార కార్యదర్శి. జరగబోయే కార్యక్రమాల గురించి, రాబోయే అవకాశాల గురించి సభ్యులకు ఫోన్లో కబురు పెట్టడమే అతని పని. కానీ తాను పుట్టిందే అపరాధ పరిశోధనకని అతని నమ్మకం. ఒకే గదిలో ఉంటున్న పాపానికి, జుహైర్ అనే నేను అతని సహాయకుణ్ణి.

ఆ నెలలో మా సంఘానికి గ్రహచారం బాగాలేదు. వెబ్‌సైట్లు తయారుచేయడం నేర్పుతామన్నాం. ఒక్క సభ్యుడూ రాలేదు. డేటాబేస్ తరగతి పెట్టాం. అదీ అంతే. ప్రోగ్రామింగ్ పోటీ పెడితే ఒక పిల్లి వచ్చింది. కాసేపు చూసి, అదీ నెగ్గలేననుకుందేమో, వెళ్ళిపోయింది.

మా అధ్యక్షురాలు నైరూజ్ విసురుగా మా బల్ల దగ్గరికి వచ్చింది.

"మధ్యాహ్నం ట్యునిస్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఉల్ఫా మేడమ్ వస్తున్నారు. వేసవి శిక్షణకి మనవాళ్ళని ఎంచుకోవడానికి! హాలు ఖాళీగా కనబడిందో, ఆవిడ ఇంకీ ఊరి మొహం చూడరు. నాకు ఈ శిక్షణ దొరక్కపోతే వేసవంతా మా నాన్న నూనె కొట్లో సీసాలకి మూతలు బిగించాలి. బెహ్జత్, అందరికీ కబురు పెట్టావా?"

"పెట్టాను. చదివారు కూడా. 'అల్లా నిన్ను చల్లగా చూడాలి నాయనా' అని జవాబులిచ్చారు."

"మన సభ్యులు నిన్నెప్పుడు దీవించార్రా?" అన్నాను.

బెహ్జత్ గొంతు తగ్గించాడు. "బందీలుగా ఉన్నవాళ్ళు దేవుణ్ణి కాక ఎవర్ని తలుచుకుంటారు? జుహైర్, ఇది సామూహిక అపహరణ! మనతో పోటీపడే ఆ రోబో సంఘం పన్నాగం!"

నైరూజ్ తలపట్టుకుంది. బెహ్జత్ నన్ను హాల్లోకి లాక్కెళ్ళి, మోకాళ్ళ మీద వంగి కుర్చీలను వాసన చూడడం మొదలుపెట్టాడు.

"చూశావా! దుమ్ము. వీటి మీద ఎవరూ కూర్చోలేదు."

"రానివాళ్ళు ఎలా కూర్చుంటార్రా?"

"నేరస్థుడు నిన్ను నమ్మించాలనుకున్నది సరిగ్గా అదే!"

అక్కణ్ణుంచి గేటు దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ తెల్లటి సఫ్సారీ తలనుంచి కాళ్ళదాకా కప్పుకుని, మొహం సగం దాచుకుని ఒక మనిషి నిలబడి ఉంది. ఫోను చూస్తోంది, మా భవనం వైపు చూస్తోంది, మళ్ళీ ఫోను చూస్తోంది.

"దొరికాడు! ఆ భుజాలు చూడు. ఆడవాళ్ళ భుజాలేనా అవి?" అంటూ, నేను ఆపేలోపే దూకి సఫ్సారీ కొంగు పట్టి లాగాడు. "నీ ఆట కట్టు! వేషం చాలించు!"

ఫెడేల్మని సంచీ అతని నెత్తిన పడింది.

"వేషమా! ఒరేయ్ అప్రాచ్యుడా, మీ అమ్మతో చెప్పి నీ కాళ్ళు విరగ్గొట్టిస్తానుండు!"

"మ... మబ్రూకా పిన్నీ! నువ్విక్కడేంటి?"

"నువ్వేగదరా రమ్మన్నావు!"

ఆవిడ వెనక టాక్సీలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. వాటిలోంచి పిన్నులు, పెద్దమ్మలు, మేనత్తలు బక్లావా మిఠాయి పళ్ళేలతో దిగుతున్నారు. మబ్రూకా పిన్ని ఫోను నా మొహం మీద పెట్టింది. నేను పైకే చదివాను.

"'పెద్ద హాల్లో, ఈ మధ్యాహ్నం. ట్యునిస్ నుంచి మేడమ్ స్వయంగా వచ్చి, చురుకైనవాళ్ళను చూసి ఎంచుకుంటారు. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.'"

"పెళ్ళిచూపులు కాక మరేంట్రా అది? అంతకుముందు డేటాబేస్ అన్నావు. అదేం వంటకమో తెలీక రాలేదు. దీవించి ఊరుకున్నాం."

బెహ్జత్ ఫోను లాక్కుని చూశాను. మా సంఘం గ్రూపు పేరు 'మనవాళ్ళు'. అతని పిన్నుల గ్రూపు పేరూ అదే. నెలంతా కబుర్లన్నీ అటే పోయాయి. నైరూజ్‌కి చెప్పడానికి పరిగెత్తాను గాని, అప్పటికే ఉల్ఫా మేడమ్ హాల్లో ఉంది. ఆవిడ ఒక చేతిలో బక్లావా, రెండో చేతిలోనూ బక్లావా. చుట్టూ పెద్దమ్మలు.

"మీకు పెళ్ళికెదిగిన అమ్మాయిలెందరమ్మా?"

"ఇద్దరూ మగపిల్లలేనండీ."

"అయ్యో పాపం," అంది ఒక పెద్దమ్మ, పళ్ళెం వెనక్కి తీసుకుంటూ.

నైరూజ్ చెవిలో సంగతంతా ఊదాను. తను తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పి, క్షమించమంది. మబ్రూకా పిన్ని లేచి నిలబడింది.

"అంటే, ఇది ఉద్యోగం సంగతా?"

"ముందు శిక్షణ పిన్నిగారూ. బాగా చేస్తే ఉద్యోగం."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! ఉద్యోగం లేనివాడికి సంబంధమెవడిస్తాడు?"

సంచుల్లోంచి ఒక్కసారిగా ఫోన్లు బయటికొచ్చాయి. "ఒరేయ్ నాసీఫ్, మంచం దిగు!" "మీ పక్కింటి ఇక్రామ్ కంప్యూటర్లేగా చదివేది, తరుము దాన్ని!" "స్నానం తర్వాత చేద్దువుగాని, రా!"

కాసేపట్లో తలుపు దగ్గర తొక్కిసలాట. ఒకడు చెప్పులు మార్చి వేసుకొచ్చాడు. ఒకడి తలమీద సబ్బు నురగ ఇంకా కారుతోంది. పుట్టి బుద్ధెరిగాక మా సంఘం హాలు నిండడం నేను చూడలేదు. ఉల్ఫా మేడమ్ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది. అందర్నీ ఓపిగ్గా ప్రశ్నలడిగి, చివర్లో నలుగురి పేర్లు చదివింది. మొదటి పేరు నైరూజ్. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళి మబ్రూకా పిన్నిని వాటేసుకుంది.

బెహ్జత్ మాత్రం గోడకానుకుని, నెత్తిమీది బొప్పి తడుముకుంటూ తీవ్రంగా ఆలోచిస్తున్నాడు.

"కేసు తేలిపోయినట్టేగా? నేరస్థుడివి నువ్వే," అన్నాను.

"తెలుసు," అన్నాడు. అతని కళ్ళు గర్వంతో మెరిశాయి. "కానీ ఎంత గొప్పవాడో చూశావా జుహైర్? నెల్లాళ్ళు నా పక్కనే తిరిగాడు. నాక్కూడా అనుమానం రానివ్వలేదు!"