కొర్నేలి విమానం తీసిన సినిమా

శనివారం పొద్దున్న భార్య కృపమ్మ చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికకి వెళ్లగానే విమానాన్ని మైదానానికి తీసుకుపోవాలని కొర్నేలి అనుకున్నాడు. ముప్ఫై ఏళ్లు స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపిన మనిషి. రిటైరయ్యాక ప్లాంటు సంగతి దాదాపు మరిచిపోయాడు కానీ, పైనుంచి చూడటం మాత్రం మరవలేకపోయాడు. అందుకే థర్మాకోలుతో రిమోటు విమానం చేసుకున్నాడు. అది చాలక సుపేలా బజార్లో అగ్గిపెట్టెలో సగమున్న వీడియో కెమెరా ఒకటి, చవగ్గా దొరికితే కొన్నాడు. దానికి ఒకటే మీట, ఒకటే దీపం. కొట్టువాడు హిందీలో చెప్పిన వివరం సగం ఆటోల రొదలో కొట్టుకుపోయింది.

కెమెరాను రబ్బరు బ్యాండ్లతో విమానం ముక్కుకి బిగించాడు. మీట నొక్కితే దీపం ఆరింది. ఆగిపోయిందనుకుని, విమానాన్ని మంచం మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి కృపమ్మ బయల్దేరిపోయింది. అరవై దాటిన మనిషికి ఈ బొమ్మలేమిటని ఆవిడ నెల్లాళ్లుగా సాధిస్తోంది కనక, ఎదురుపడనందుకు అతనికి హాయిగానే ఉంది.

సెక్టర్ 6 మైదానంలో మళ్లీ మీట నొక్కాడు. దీపం వెలిగింది. సినిమా మొదలైందనుకుని విమానాన్ని వదిలాడు. అయితే కెమెరా బరువు ఒక పక్కకి లాగుతోంది. అతను కుడికి తిప్పితే అది ఎడమకి పోయింది. గట్టిగా కుడికి తిప్పితే ఇంకా గట్టిగా ఎడమకి పోయి, రోడ్డు దాటి, ఎదురు క్వార్టర్ల డాబా మీద దిగింది.

ఆ డాబా మీద అతని స్నేహితుడు నరసింగరావు భార్య కన్నమ్మ తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. విమానం వచ్చి ఆవిడ వడియాల మధ్య పడింది. ముక్కు మీద వెలుగుతున్న దీపం చూసి అది కెమెరా అని పోల్చుకుని, కెవ్వుమని కిందికి పరుగెత్తింది. తన ఫొటో తీశారని ఆవిడ చెప్పింది. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట, డాబాల మీద ఆడవాళ్లందర్నీ తీస్తున్నారని మారింది. వీధి మలుపు తిరిగేసరికి స్నానాల గదులు కూడా అందులో చేరాయి.

కొర్నేలి రిమోటుని చొక్కాలోకి దోపుకుని అక్కడికి చేరాడు. నిజం చెప్పేద్దామనే వచ్చాడు. కానీ నోరు తెరిచేలోపే నరసింగరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచి టైముకొచ్చేవు కొర్నేలీ. ఆడెవుడో పట్టుకోవాల. నువ్వే ముందుండాల."

"పట్టుకోవాల్సిందే," అంది కొర్నేలి నోరు, అతన్ని అడక్కుండానే.

దాంతో అతను పట్టుకునేవాళ్లకి పెద్ద అయిపోయాడు. పోలీసు థానాకి వెళ్లాలని ఒకరన్నారు, ముందు మైదానం వెతకాలని మరొకరన్నారు. అన్నిటికీ అతను తలూపుతూనే ఉన్నాడు. మెట్ల మీద కూర్చుని కళ్లొత్తుకుంటున్న కన్నమ్మ కేసి చూసినప్పుడల్లా మాత్రం ఆ తలూపడం ఆగిపోతోంది.

అంతలో కూడిక ముగించుకుని కృపమ్మ వచ్చింది. ఎవరో డాబా మీంచి కిందికి తెచ్చిన విమానాన్ని చూసింది. మొగుడి కాలరులోంచి చెవి వెనక్కి పొడుచుకొచ్చిన రిమోటు ఏరియల్ పుల్లనీ చూసింది.

"ఎవుడో కాదొదినా," అంది కన్నమ్మతో. "మా ఇంటాయనే."

నరసింగరావు భుజం మీది చెయ్యి మెల్లగా తీసేశాడు. తిట్టినా బాగుండేదనిపించింది కొర్నేలికి. కన్నమ్మ ముందు చేతులు జోడించి, చర్చి గోపురం పైనుంచి ఎలా ఉంటుందో చూద్దామనుకున్నానే తప్ప ఇంకేమీ ఎరగనని చెప్పాడు.

"ఆ సినిమా అందరం సూద్దాం," అంది కృపమ్మ. "అందులో మా వదిన ఎంట్రుకొకటి కనిపించినా, ఈ ఇమానాన్ని నా సేత్తో పొయ్యిలో ఎట్టేత్తాను."

నరసింగరావు కొడుకు సత్యప్రసాద్ ఇంట్లో కంప్యూటరుంది. పట్టినంతమంది గదిలోకి, మిగతావాళ్లు కిటికీల దగ్గరికి చేరారు. తెర మీద మొదట కొర్నేలి బొటనవేలు, తరవాత అతని ఇంటి గోడ కనిపించాయి. స్నానాల గదిలో నీళ్ల చప్పుడు. ఉన్నట్టుండి గోడ కదిలింది. కుర్చీలు, కిటికీ, క్యాలెండరు గిర్రున తిరిగాయి.

"బుర్ర్‌ర్..." అని ఒక ఆడగొంతు. "ఇజీనారం వచ్చేసినాది. సామాన్లు సూసుకుని దిగండి."

బీరువా అద్దం వచ్చింది. అందులో కూడిక చీర కట్టుకుని, విమానాన్ని తల మీదికెత్తి పట్టుకుని, మూతి సున్నాలా చుట్టి, కృపమ్మ గది చుట్టూ పరుగెడుతోంది.

ఆ తరవాత చాలాసేపు విమానాన్ని మోసుకెళ్లిన సంచీలోని చీకటి, ఆఖర్న మైదానం, మళ్లీ బొటనవేలు. అంతే. దీపం ఆరితే తీస్తున్నట్టు అంకుల్, వెలిగితే ఆగినట్టు అని సత్యప్రసాద్ చెప్పాడు. విమానం గాల్లో ఉన్నంతసేపూ కెమెరా నిద్రపోయిందన్నమాట.

ముందు నవ్వింది కన్నమ్మే. నవ్వీ నవ్వీ మళ్లీ కళ్లొత్తుకుంది. నరసింగరావు కొర్నేలిని పక్కన కూర్చోబెట్టుకుని టీ తెమ్మన్నాడు. కృపమ్మ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడకేసి తిరిగిపోయింది. కొర్నేలి లేచి వెళ్లి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"నాకు సెప్పొచ్చు కదే," అన్నాడు మెల్లగా.

"నువ్వడిగేవేటి?" అంది కృపమ్మ.

పై శనివారం మైదానంలో రిమోటు తన వంతుకి ఎప్పుడొస్తుందా అని కొర్నేలి కృపమ్మ, కన్నమ్మల వెనక వరసలో నిలబడ్డాడు.