బుగ్గలో మాత్ర

ఆ రోజు పొద్దున గడియారాల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య చేతిలో పెట్టే కీళ్ళ మాత్రను మింగినట్టు నటించాలి, ఆవిడ అటు తిరగ్గానే పెరటి కాలవలోకి ఉమ్మేసి వచ్చి కాఫీ తాగాలి. అంతే.

ఆ మాత్ర మీద ఆయనకు పగేమీ లేదు. స్టూలు మీద వంగి కూర్చుని గడియారాల పొట్టలు విప్పుతూ బతికిన మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. లేవాలంటే ముందు బల్ల పట్టుకునేవాడు, తర్వాత దేవుణ్ణి తలుచుకునేవాడు, చివరికి భార్యను కేకేసేవాడు. సంగతి విన్న అక్కయ్య వెంటనే పెద్ద సీసా పంపింది. "నాకు కుడికాలు ఎంత తేలికైందో! ఒక్క పూట కూడా మాననివ్వకు" అని మరదలికి ఫోన్లో మరీ మరీ చెప్పింది. తీరా చూస్తే ఒక్కో మాత్ర బొటనవేలంత ఉంది. జ్వరం బిళ్ళనే ముక్కలు చేసుకుని, కళ్ళు మూసుకుని మింగే గొంతు ఆయనది. మనవలున్న మగాడు మాత్ర మింగలేకపోతున్నానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

"ఏదీ, మింగారా?" అంది భార్య.

మాత్రను బుగ్గలోకి నెట్టి నీళ్ళు గుటకేసి "ఊఁ" అన్నాడు. ఖర్మ కాలి సరిగ్గా అప్పుడే ఆవిడ బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్ళింది. వీధి గుమ్మంలోకి వస్తే ఎదురింటావిడ మొక్కలకు నీళ్ళు పోస్తోంది. ఈలోగా మాత్ర మెత్తబడసాగింది. చేపల బుట్ట కడిగిన నీళ్ళలాంటి రుచి నోటినిండా పాకింది. ఇక ఆగితే వాంతి తప్పదని వీధిలో పడ్డాడు.

"ఎక్కడికండీ, వాకింగుకా?" వెనకనుంచి భార్య అరిచింది.

నోరు తెరిస్తే గుట్టు రట్టవుతుంది. తలూపాడు. ఆ ఊపిన తలే ఆయన కొంప ముంచింది. కుంటుతూ వీధి దాటి, పార్కులోకి పోయి, చెత్తడబ్బా వెనక ఉమ్మేసి తిరిగొచ్చేసరికి భార్య ఆనందం పట్టలేక అక్కయ్యకు ఫోన్ చేసేసింది. మాత్ర వేసుకోగానే మనిషి తనంతట తానే నడకకు పోయాడని ఇద్దరూ తేల్చేశారు. మర్నాటినుంచి మాత్ర, ఆ వెంటనే నడక అన్నది ఆ ఇంట్లో చట్టమైపోయింది.

మొదట్లో మోకాళ్ళు శాపనార్థాలు పెట్టాయి. కానీ బుగ్గలో మాత్ర కరిగిపోతుంటే కాళ్ళ మాట ఎవడు వింటాడు? రోజూ పార్కు దాకా పరుగులాంటి నడక తప్పలేదు. అలా వారాలు గడిచాక ఒక పొద్దున దుకాణంలో కిందపడిన స్క్రూ కోసం వంగి, తీసుకుని, లేచి నిలబడ్డాడు. బల్ల పట్టుకోలేదని ఆ తర్వాత గుర్తొచ్చింది. అనుమానం వచ్చి మళ్ళీ వంగి లేచి చూసుకున్నాడు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, సగానికి సగం తగ్గింది.

దీన్ని ముందుగా కనిపెట్టినవాడు పక్కింటి రిటైర్డు బస్సు కండక్టరు. జీవితమంతా బస్సులు ఆపిన అలవాటుకొద్దీ మాట్లాడబోయే ముందు "హోల్డాన్" అంటాడు కనుక వీధంతా ఆయన్ని హోల్డాన్ గారనే పిలుస్తుంది.

"హోల్డాన్! ఏంటండీ ఈ స్పీడు? ఏం వాడుతున్నారు?"

మెకానిక్ బుగ్గలో సరుకుంది. చేత్తో ఇంటివైపు చూపించి సాగిపోయాడు. హోల్డాన్ మెకానిక్ ఇంటికెళ్ళి ఆయన భార్యను అడిగి, మందుల కొట్టుకు పోయి అదే సీసా కొనుక్కున్నాడు. మర్నాడు మెకానిక్ వెనకే బయల్దేరాడు. ఇంకో రెండు రోజులకు ఎదురింటావిడా, ఆవిడ తోడికోడలూ చేరారు.

"మాట్లాడకూడదటమ్మా. మాట్లాడితే మందు గుణం గాలికి పోతుందట" అని హోల్డాన్ కొత్తవాళ్ళకు నియమాలు చెబుతుంటే మెకానిక్ చెవులారా విన్నాడు. కాదనడానికి నోరు ఖాళీగా లేదు. వెనక అంతమంది ఉంటే ఉమ్మడమెలా? చెరువు గట్టు దాకా పోయి, తుమ్మొచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని పని కానిచ్చేవాడు. నడక రెట్టింపైంది. మోకాళ్ళు ఇంకా తేలికపడ్డాయి. ఆయన పేరు మారుమోగిపోయింది. నిజం చెప్పేద్దామని ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు గానీ, అందరూ నమస్కారాలు పెడుతుంటే ఆ మాట గొంతు దాటి రాలేదు.

ఆ భోగం హోల్డాన్ పళ్ళు తోముకునే దాకానే సాగింది. ఒకరోజు చిగుళ్ళనుంచి మొదలైన నెత్తురు ఎంతకీ ఆగలేదు. చేతుల నిండా నల్లటి కమిలిన మచ్చలు. ఆస్పత్రిలో చేర్చారు. గుండెకోసం ఆయన ఎప్పటినుంచో రక్తం పలచబడే మందు వాడుతున్నాడు. ఈ సంగతి అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాడూ లేడు.

కబురు మెకానిక్‌కు తెలిసింది. భార్యతో ఆస్పత్రికి పరుగెత్తాడు. తను పంపిన రకం మందు వల్లేనని తెలిసి అక్కయ్యా ఆటో కట్టించుకుని వచ్చింది. మంచం పక్కన డాక్టరమ్మ నిప్పులు కురిపిస్తోంది.

"రక్తం పలచబడే మందుతో వీటిని కలిపి వేసుకుంటే కొందరికి ఇలాగే అవుతుంది. ఎవరు చెప్పారు మీకు?"

"హోల్డాన్, డాక్టరమ్మా. ఆయన్నేమీ అనకండి. ఆయనకు గుణమిచ్చింది, కళ్ళారా చూశాను" అన్నాడు రోగి, మెకానిక్‌ను చూపిస్తూ.

ఆ నమ్మకం చూసి మెకానిక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను క్షమించండి. నేను ఒక్కటి కూడా మింగలేదు. రోజూ బుగ్గలో పెట్టుకుని, దూరంగా పోయి ఉమ్మేశాను. మింగడమంటే నాకు భయం."

భార్య మొహం చూసే ధైర్యం లేక ఆయన నేల చూస్తున్నాడు.

"మరి మోకాళ్ళ నొప్పులెలా తగ్గాయి?" అంది భార్య.

"రోజూ నడిచారు కదమ్మా" అంది డాక్టరమ్మ, కాస్త చల్లబడి. "తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద బరువు తగ్గుతుంది. ఈ మాత్రలతో కొందరికి కాస్త హాయిగా ఉందనిపిస్తుంది, కాదనను. కానీ పరీక్షించి చూస్తే చాలాసార్లు మందే లేని ఉత్తుత్తి మాత్రకూ వీటికీ పెద్ద తేడా కనబడలేదు. వేసుకోవాలనుంటే అడిగి వేసుకోండి. గుణం లేకపోతే మానేయండి."

"కాదు డాక్టరమ్మా" అంది భార్య పట్టు వదలకుండా. "మా వదినగారికి కుడికాలు తేలికైంది. చెప్పండి వదినా!"

అక్కయ్య చీర కొంగు సరిచేసుకుంది. కిటికీలోంచి బయటికి చూసింది. తమ్ముడు తలెత్తి అక్కను చూశాడు.

"అక్కా, నువ్వు వేసుకున్నావా?"

"మా అమ్మాయి కొనిచ్చిందిరా. అంతంత మాత్రలు మింగడం నావల్ల ఎక్కడవుతుంది? పారేస్తే దానికి కోపం. నీకైనా పనికొస్తుందని..."

"మరి కుడికాలు?"

"అలా చెబితే గానీ నువ్వు వేసుకుంటావా?"

మంచం మీద హోల్డాన్ ముందు నవ్వాడు. చిగుళ్ళు నొప్పెట్టి ఆగాడు, మళ్ళీ నవ్వాడు. ఆపైన ఎవరూ ఆపుకోలేకపోయారు.

హోల్డాన్ ఇంటికొచ్చి కోలుకున్నాక మెకానిక్ చెరువు గట్టు మీద అందరినీ నిలబెట్టి, జరిగింది దాచకుండా చెప్పాడు. మాత్రలో మహిమ లేదనీ, తనకు మేలు చేసింది నడకేననీ, వేరే మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ఏదీ ముట్టుకోవద్దనీ మొత్తుకున్నాడు. అందరూ శ్రద్ధగా విని తలలూపారు. ఎదురింటావిడ ఆయన కాళ్ళవైపు తదేకంగా చూసింది.

"అయితే అన్నయ్యగారూ, ఏ చెప్పులేసుకుని నడిచారు?"

ఆ సాయంత్రానికి బజారులో ఆ రకం చెప్పులు ఒక్క జత కూడా మిగల్లేదు.