మా బావ ముఖ ప్రారంభోత్సవం

ఆ ఉదయం దివిసీమ మీదా చుట్టుపక్కలా మబ్బు పట్టింది. కురవలేదు, తొలగనూ లేదు. సరిగ్గా ఆ మబ్బు కిందే మన మంత్రిగారు మచిలీపట్నంలో మైకు అందుకుని చరిత్రాత్మక ప్రకటన చేశారు.

"ఈ జిల్లాలో అడవి జంతువు ఎవరి ముఖం పాడుచేసినా ఆ ముఖాన్ని ప్రభుత్వమే బాగుచేసి తిరిగి ఇస్తుంది. పథకం పేరు ముఖోదయం."

చప్పట్లు బాగా పడ్డాయి. లబ్ధిదారుడొక్కడే లేడు. ఆ లోటు నాలుగో రోజున మా బావ భుజంగరావు తీర్చాడు. చెరుకుతోటలో వంగి నీళ్ళు పారే బోదె సరిచేస్తుంటే అడవిపంది వచ్చి ఎడమ బుగ్గా పెదవీ చీల్చి, దవడ విరిచి పోయింది.

గుడివాడలో డాక్టర్ లక్ష్మీప్రసన్న గారు ఆరు గంటలు నిలబడి ఆపరేషన్ చేశారు. గాయం కడిగి, కుక్క కరిస్తే వేసే సూదే వేసి, దవడకి ప్లేటు బిగించారు. నోటి లోపల ఒక వరస, కండకి ఒక వరస, పైన చర్మానికి ఒక వరస కుట్లు. వారం తిరిగాక అవి విప్పబోతుంటే మంత్రిగారి పీఏ శ్యాంబాబు గారు దిగారు.

"మేడమ్, కట్టు విప్పకండి. మంత్రిగారొచ్చి ప్రారంభోత్సవం చేస్తారు."

"ముఖానికా అండీ?"

"పథకానికి. ముఖం అందులో భాగం."

"కుట్లు ఉంచేస్తే మచ్చలు పడతాయండీ."

"కుట్లు తీసెయ్యండి. మళ్ళీ కట్టు కట్టెయ్యండి."

ఇంత సూక్ష్మంగా ఆలోచించే మనిషి మన జిల్లాకి దొరకడం అదృష్టం.

బావ ఇంటికొచ్చాడు. కళ్ళ కింద నుంచి మెడ దాకా కట్టు, స్ట్రా పట్టేంత కంత. మొదటి ముహూర్తం అమావాస్య అయింది. రెండోదానికి అసెంబ్లీ అడ్డొచ్చింది. మూడోసారి ఫ్లెక్సీలో మంత్రిగారి ఫోటో కంటే పంది ఫోటో పెద్దగా పడింది. బావ నలభై రోజులు జావ తాగాడు.

శ్యాంబాబు గారు ప్రతి మంగళవారం వచ్చి కట్టు ముడి పట్టి చూసేవారు. "ఎలా ఉన్నారు భుజంగరావు గారూ?" అని కట్టుని అడిగి, కట్టుకి ఫోటో తీసుకుని వెళ్ళేవారు.

డాక్టరు గారు మా అక్క రావమ్మకి ఫోన్ చేశారు. "మెత్తటి అన్నం నమిలించాలమ్మా. లేకపోతే దవడ బిగుసుకుపోయి ఇక తెరుచుకోదు."

నేను శ్యాంబాబు గారితో ఆ మాటే చెప్పాను.

"నమలడం ప్రోగ్రాం తర్వాత పెట్టుకోండి," అన్నారు.

అక్క ఆయన్ని మళ్ళీ అడగమనలేదు. ఆ రోజు నుంచి తలుపేసి, కట్టు విప్పి, బావకి పప్పన్నం పెట్టడం మొదలెట్టింది. బావ ఒక్కో ముద్దా పావుగంట నమిలేవాడు.

ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు గంట ముందే వచ్చారు. కాలవ గట్టు మీద సైరన్ వినపడేసరికి కట్టు ఉతికి దండెం మీద ఉంది. బావ నోట్లో ముద్ద ఉంది.

"బావ బదులు నువ్వు కూర్చోరా," అంది అక్క నాతో.

"నేనా?"

"మాట్లాడకుండా ఉండాలి, అంతే. నీకేమన్నా కష్టమా?"

కష్టం కాదు. తడి కట్టు నా మొహానికి చుట్టేసింది.

వెండి పళ్ళెంలో కత్తెర వచ్చింది. మంత్రిగారు కట్టు కత్తిరించి, నా బుగ్గ నిమిరి, కెమెరాల వైపు తిరిగారు.

"ఒక్క గీత లేదు. అసలు పంది పొడవనట్టే ఉంది. ఏమంటారు డాక్టరు గారూ?"

లక్ష్మీప్రసన్న గారు నన్ను చూశారు. పెరటి గుమ్మంలో ఇంకా నములుతున్న బావనీ చూశారు.

"నాకూ అలాగే అనిపిస్తోందండి."

మా గోడకి శిలాఫలకం బిగించారు. 'ఈ ముఖమును గౌరవ మంత్రివర్యులు ప్రారంభించిరి.'

భోజనాలకి కూర్చున్నాం. బావ పప్పు వడ్డిస్తూ మంత్రిగారి విస్తరి దాకా వచ్చాడు. ఆయన తలెత్తి, చెవి దాకా ఉన్న గీత చూసి చలించిపోయారు.

"అయ్యో పాపం. ఏం పొడిచింది నాయనా?"

"పందండి."

"మరి ఈయన్ని వదిలేశారేం? శ్యాంబాబూ, రెండో లబ్ధిదారుడు. రాసుకో."

శ్యాంబాబు గారు పేరు రాసుకున్నారు. సంచిలోంచి కొత్త కట్టు తీసి, నా పక్కన ఖాళీగా ఉన్న విస్తరి దగ్గర పెట్టారు. "భోజనమయ్యాక కట్టేద్దాం. డేటు మేం చెప్తాం."

డాక్టరు గారు తల దించుకుని అన్నం కలుపుకున్నారు. బావ వచ్చి ఆ విస్తరి ముందు కూర్చున్నాడు.

బావ మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు. అక్క అడక్కుండానే నాలుగోసారీ వేసింది.