అల్మోరాకు తోడెవరు?

ఆ రోజు పొద్దున్న కాఫీ తాగుతూ చక్రపాణి గారు హిమాలయాలకు వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో ఆయన గ్రూప్స్ రాసే పిల్లలకు భూగోళం చెబుతారు. కొండలన్నిటినీ సుద్దముక్కతో బోర్డు మీద ఎక్కారే తప్ప, ఒక్కదాన్నీ కాలితో తొక్కిన పాపాన పోలేదు. సొంతూరు తెనాలి. భార్య పోయాక ఎల్బీ నగర్‌లో అద్దె ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. క్లాసులో రోజంతా మాట్లాడేవారు కాబట్టి ఇన్నాళ్ళూ ఒంటరితనం అంతగా తెలియలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై క్లాసులు మూతపడ్డాక బాగా తెలిసింది. ఇప్పుడు టీవీలో వార్తలు చదివే అమ్మాయి నమస్కారం అంటే, ఈయన కూడా లేచి నమస్కారం పెడుతున్నారు.

బస్సుల్లేవు, ఆ రోజు ఆటోలూ లేవు. దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి ఒక ట్రావెల్స్ ఆఫీసులోకి దూరారు. లోపల తేజస్విని అనే అమ్మాయి పనిలేక గోళ్ళు చూసుకుంటోంది.

"సంస్కృతి ఉండాలి, చరిత్ర ఉండాలి, మంచి కొండలు కనబడాలి. అలాంటి ఊరు చెప్పమ్మా."

"డార్జిలింగ్ వెళ్ళండి సార్."

"అక్కడా ప్రత్యేక రాష్ట్రం గొడవే కదమ్మా!"

"అయితే ఉత్తరాఖండ్‌లో అల్మోరా. పాత గుళ్ళు, రాజుల కోట, ఎదురుగా మంచుకొండలు."

"అదీ విడిపోయిన రాష్ట్రమే."

"విడిపోయింది కదా సార్, ఇంక గొడవేముంటుంది?"

ఈ తర్కం మాస్టారికి నచ్చింది. అల్మోరా ఖాయమైంది.

"ఎంతమంది సార్?"

"ఒక్కణ్ణే."

"ప్యాకేజీకి కనీసం ఇద్దరుండాలి సార్. ఎవర్నైనా తోడు తెచ్చుకోండి."

ఆయన తనకు తెలిసినవాళ్ళందరినీ ఒకసారి తలచుకున్నారు. ఎక్కువసేపు పట్టలేదు. ముందు పెట్టె కొంటే తోడు తర్వాత చూసుకోవచ్చని, పక్క దుకాణంలో బీరువా అంత సూట్‌కేసు కొని, గడగడ లాక్కుంటూ ఇంటిదారి పట్టారు. ఆ ఇంటిదారే విజయవాడ హైవే కూడా అన్న సంగతి పాపం ఆయనకు తట్టలేదు.

కొత్తపేట దాటేసరికి జనం ఆగి మరీ చూస్తున్నారు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఉద్యమకారులు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవర్ జానయ్య ఎదురొచ్చాడు.

"సార్, పెట్టె తీస్కొని యాడికి?"

"కొండల్లోకి వెళ్ళిపోదామనుకుంటున్నానయ్యా. ఇక్కడ మాట్లాడే దిక్కు లేదు."

జానయ్య మొహం మాడిపోయింది. "ఎవడన్నడు సార్ మిమ్ముల పొమ్మని? పేరు చెప్పుండ్రి."

"ఎవరూ ఏమీ అనలేదు. అదే నా బాధ."

"చూసిన్రా, భయపడి చెప్తలేడు!" అని జానయ్య అందరినీ పిలిచాడు. ఒకాయన గౌరవంగా సూట్‌కేసు అందుకోబోయి, బరువనుకుని బలంగా లేపేసరికి వెనక్కి పడ్డాడు.

"అరే, ఖాళీగుందే!"

పొయ్యి దగ్గరున్న పెంటమ్మ గరిటె కింద పెట్టింది. "ఇన్నేండ్లు ఈడ బతికి, ఖాళీ డబ్బతోని పోతుండా? మనం మైకు పెట్టి దోస్కపోతుండ్రు, దోస్కపోతుండ్రు అని అరవవడ్తిమి!"

అందరూ తలలు దించుకున్నారు. ఆ పైన ఒకరు బియ్యం సంచి, ఒకరు చింతపండు, పెంటమ్మ కారప్పొడి తెచ్చి పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు. మాస్టారు వద్దన్నకొద్దీ మొహమాటపడుతున్నారని ఇంకాస్త కుక్కారు. అక్కడే ఉన్న టీవీ కెమెరా ఇదంతా లోకానికి చూపించింది. కింద అక్షరాలు పరుగెత్తాయి: కాలినడకన తరలిపోతున్న ఆంధ్ర అధ్యాపకుడు.

ఎన్నాళ్ళకో ఆయన ఫోను మోగింది. పై వాటాలో ఉండే గుంటూరు కోటేశ్వరమ్మ గారు.

"అన్నయ్య గారూ, మీరే వెళ్ళిపోతుంటే ఇంక మేమెందుకండీ ఇక్కడ! మా ఆయన బీరువా దింపుతుంటే మెట్ల మధ్య ఇరుక్కుంది. పైవాళ్ళు పైనే, కిందవాళ్ళు కిందే!"

ఇక లాభం లేదని ఆయన మైకు లాక్కున్నారు. "అయ్యా, నేను ఈ ఊరు వదిలి పోవడం లేదు. అల్మోరా చూడాలనుకున్నాను. తోడు వచ్చేవాళ్ళు లేరు. అంతే."

పెట్టెలో పెట్టిన బియ్యం వెనక్కి తీయాలా వద్దా అని ఎవరికీ అర్థం కాలేదు.

"గా అల్మోరా ఏ రాష్ట్రం సార్?" అన్నాడు జానయ్య.

"ఉత్తరాఖండ్. విడిపోయి పదేళ్ళు దాటింది."

ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. "ప్రత్యేక రాష్ట్రం ఎట్లుంటదో సార్ చెప్తడు, జర సప్పుడు చెయ్యకుండ్రి!"

ముగ్గుపిండి తెప్పించి ఆయన తారురోడ్డు మీద హిమాలయాలు గీశారు. నదులు, రాజులు, గుళ్ళు అన్నీ చెప్పారు. జనం విస్తళ్ళు పట్టుకుని విన్నారు. తర్వాత ఆయన్నీ పంక్తిలో కూర్చోబెట్టారు. నలుగురితో కలిసి అన్నం తిని ఎంతకాలమైందో గుర్తురాక, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందనుకుని పెంటమ్మ మజ్జిగ పోసింది.

"మీలో ఎవరైనా వస్తారా అల్మోరాకు?" అని ఆయన మెల్లగా అడిగారు.

"తెలంగాణ రానియ్యుండ్రి సార్. బస్సు నేనే నడుపుత, అందరం పోదాం" అన్నాడు జానయ్య. ఆ సాయంత్రం అతని మనుషులే వెళ్ళి కోటేశ్వరమ్మ గారి బీరువాను పైకెక్కించారు.

మర్నాటి నుంచి చక్రపాణి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికంటే ముందే చౌరస్తాకు వెళ్ళి కూర్చునేవారు. ఎవరో ఒకరు "సార్ తిన్నడా?" అని అడిగేవారు. తేజస్విని ఫోన్ చేసింది. "తోడు దొరికారా సార్?"

"చాలామంది దొరికారమ్మా. డ్రైవరే సమ్మెలో ఉన్నాడు."

కొన్నాళ్ళకు సమ్మె ముగిసింది. జానయ్య డ్యూటీ ఎక్కాడు, పెంటమ్మ పనిలో పడింది, పొయ్యిలు పోయి చౌరస్తాలో బస్సులు తిరిగాయి. కోచింగ్ సెంటరూ తెరిచారు. పిల్లలు తలెత్తకుండా నోట్సు రాసుకున్నారు. మాస్టారు తిన్నారా అని ఎవరూ అడగలేదు. సాయంత్రం ఎక్కిన బస్సు జానయ్యదే అయింది.

"ఇంకొన్నాళ్ళు చెయ్యాల్సింది కదయ్యా" అన్నారాయన దిగులుగా.

సమ్మె అప్పుడే ఎందుకు ఆపారని నిలదీసిన ఆంధ్రా మనిషి, ఎల్బీ నగర్ మొత్తం మీద ఆయనొక్కరే.