వేంపల్లె మెహబూబున్నీసా కరెంటు పొయ్యి మీద సంగటి గెలిచిన వైనం

దగ్గరికి జరిగి కూర్చోండి నాయనలారా. చేతుల్లో ఫోన్లు బోర్లించి చెవులు ఇటు తిప్పండి. మీరు విన్న యుద్ధాలన్నీ రాజ్యాల కోసం జరిగాయి. ఇప్పుడు చెప్పబోయే యుద్ధం ఒక సంగటి ముద్ద కోసం జరిగింది. అయినా దీన్ని చెప్పవలసిన తీరులోనే చెప్తాను. చిన్న మాటలతో చెబితే ఇది వట్టి వంట అయిపోతుంది, వంట గురించి వినడానికి మీరెందుకు కూర్చుంటారు?

పినాకినీ తరంగ శీతలానిల సేవితమై (ఏటిలో నీళ్లున్న నెలల్లో లెండి), కనకాభరణ విపణి శ్రేణీ దేదీప్యమానమై, ఆటోరథ ఘోషలతో అష్టదిక్కులనూ అదరగొట్టే ప్రొద్దుటూరు మహానగరమందు, మాఘమాసపు ఒకానొక ఆదివారం, భాస్కరుడు మిద్దెల మీద ఆరేసిన దుప్పట్లను ఒక్కొక్కటిగా దాటుకుంటూ పైకెగబాకుతున్న పదిగంటల శుభవేళ, మూడవ అంతస్తున రోజుల లెక్కన అద్దెకిచ్చే, రెండు గదులూ ఒక వంటిల్లూ గల భవనంలో, కొంగు నడుముకు బిగించి నిలబడి ఉన్నది వేంపల్లె పురవాసిని, సంగటి సామ్రాజ్య పట్టమహిషి, చత్వారింశద్వర్ష తెడ్డుధారిణి, మోకాళ్ల నొప్పి తప్ప మరొక శత్రువును ఎరుగని మెహబూబున్నీసా.

ఆమె భర్త ఇస్మాయిల్. ద్వావింశతి వర్షములు కువైట్ మరుభూమిలో పరుల కార్లకు సారథ్యం నెరపి, ఒక్క గదిలో ఆరుగురితో కలిసి నిద్రించి, తిరిగివచ్చిన మహారథి. ఇంటికొచ్చాక ఆయన కోరిన వరం ఒక్కటే. మూసిన తలుపు మూసినట్టే ఉండే ఇంట్లో, తానూ తన పెండ్లామూ మాత్రమే, మూడు దినాలు ఉండాలి. పొద్దున లేచి తామే వండుకోవాలి, సాయంకాలం బజారు చూడాలి, ఎవరికీ ఏమీ చెప్పక్కరలేదు. పెండ్లయిన నలభై ఏండ్లలో ఈ ఇద్దరూ ఒక కప్పు కింద ఇద్దరే ఉన్నది లేదు. అత్తో, మరుదులో, పిల్లలో, చూడవచ్చిన చుట్టాలో నిత్యం ఉండనే ఉన్నారు. ఆ మాట ఆయన నోట విన్నప్పుడు మెహబూబున్నీసా ఈ వయసులో ఇదేం సోకు అని విసుక్కుంది, మరునాడు తెల్లవారకముందే సంచులు సర్దింది.

అయితే అందులో ఒక ఘోరాపరాధం దాగి ఉంది. ఇస్మాయిల్ తోడబుట్టిన చెల్లెలు జానీబీ నివసించేది అదే ప్రొద్దుటూరులో, ఆ మేడకు రెండు సందుల అవతల. చెల్లెలి ఇల్లు ఉన్న ఊరిలో అన్న అద్దె ఇంట దిగడమంటే మనవైపు ఎంత తప్పో నేను చెప్పాలా? అది ఆమె వాకిట్లో నిలబడి ఆమె కూటికి వంక పెట్టినంత తప్పు. అది తెలిసే ఆ దంపతులు మొదటి దినమంతా అజ్ఞాతవాసం చేశారు. రెండవ దినం ఉదయం ఇస్మాయిల్ పాలప్యాకెట్టు కోసం సందు మలుపున అంగడికి పోయాడు. ఆ అంగడి మస్తానమ్మది. మస్తానమ్మకు తెలిసిన సంగతి జానీబీకి చేరడానికి పాలు కాగినంతసేపు కూడా పట్టదు.

జానీబీ వచ్చింది. మూడంతస్తుల మెట్లు తుఫాను మేఘంలా ఎక్కి, గుమ్మంలో ఆయాసం తీర్చుకుని, సోఫా అంచున కూర్చుని, చుట్టూ చూసింది. ఆ తర్వాత నోరు తెరిచింది.

"ఏం వదినా, మా ఇంట్లో చాపలు కరువైనాయని మీకు ఎవురు చెప్పినారు?"

ఇస్మాయిల్ ఏదో చెప్పబోయాడు. విశ్రాంతి అన్నాడు, మార్పు అన్నాడు, కువైట్‌లో జనాలు ఇట్లాగే చేస్తారన్నాడు. చెల్లెలు ఆయనను చూపుతోనే కూర్చోబెట్టింది. రేపు ఎర్రగుంట్లలో పెండ్లి ఉందనీ, చుట్టాలంతా అక్కడికే వస్తారనీ, అందరి ముందు తాను ముఖం ఎక్కడ పెట్టుకోవాలనీ అడిగింది. అక్కడున్న రెండు సంచుల మీద చేయి వేసి లేవండి పోదామంది.

ఆ క్షణాన మెహబూబున్నీసా లెక్క వేసుకుంది. మిగిలినవి రెండు దినాలు. జానీబీ ఇంట్లో కొడుకులూ కోడండ్లూ మనవలూ కలిసి పదకొండు మంది. నలభై ఏండ్లకు దక్కిన ఏకాంతం ఆ సంచులతో పాటు మెట్లు దిగి పోబోతోంది. ఆమె తన జీవితంలో మొదటిసారి ఆడబిడ్డకు ఎదురు పలికింది.

"ఇది కూడా ఇల్లే జానీ. కూచో. తినిపోదువు."

"పొయ్యిలో పొగ లేదు, వాకిట్లో చెప్పుల్లేవు, దీన్ని ఇల్లంటావా? సరే వదినా. ఈడ నువ్వు సంగటి చేసి పెట్టు. ఉంటల్లేకుండ ముద్ద తేలిందంటే ఇది మీ ఇల్లేనని ఎర్రగుంట్లలో నేనే చెప్తా. తేలలేదా, సంచులు నేనే మోసుకోని పోతా."

విన్నారా ఆ శపథం? నేనైతే అక్కడికక్కడే సంచి ఇచ్చేసేదాన్ని.

మెహబూబున్నీసా వంటింటి రణరంగాన ప్రవేశించింది. ఎదుట శత్రువు. కృష్ణకాచ ఫలక వక్షుడు, జ్వాలారహిత జ్వలనుడు, మీటలే కండ్లుగా మిటకరించేవాడు, అద్దె ఇంటివాళ్లు పెట్టిన కరెంటు పొయ్యి. నిన్నంతా తెప్పించుకున్న అంగడి ఇడ్లీలతో, బిరియానీతో గడిపిన ఆ దంపతులు వాడి బలమెంతో ఎరుగరు. ఆమె ఇంటినుండి మోసుకొచ్చిన సత్తు గిన్నెను, ముప్పై ఏండ్లు సంగటి వండిన ఆ వృద్ధసేనానిని, వాడి రొమ్ము మీద నిలిపి మీట నొక్కింది. వాడు కీచుమని మూడుసార్లు అరిచి ఆరిపోయాడు. మళ్లీ నొక్కింది, మళ్లీ అరిచాడు. ఆమె గిన్నెను జరిపింది, తిప్పింది, కొంగుతో అడుగు తుడిచింది, బిస్మిల్లా అని పైకే అని పెట్టింది. సోఫా మీది నుండి జానీబీ చిన్నగా దగ్గింది.

వాడికి సత్తు గిన్నెలు సరిపడవనీ, ఇనుము కలిసిన గిన్నెలే కావాలనీ ఇస్మాయిల్‌కు కువైట్ జ్ఞానం ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆ ఇంట్లో అటువంటిది ఒక్కటే ఉంది. పొడుగు పిడి టీ గిన్నె. నలుగురికి టీ పడుతుంది, సంగటి అయితే ఒకరికి నిండా, ముగ్గురికి మర్యాదకు.

ఏం చేస్తుంది? ఆ గిన్నెలోనే ఎసరు పెట్టింది. గుప్పెడు బియ్యం వేసింది. బియ్యం మెత్తబడ్డాక రాగిపిండిని గోపురంలా పోసి, నడుమ గుంత చేసి, గిన్నెకు మూత లేక పళ్లెం బోర్లించి, ఆవిరి పట్టేదాకా ఊపిరి బిగబట్టింది. అంతదాకా జయమే. ఇక గెలకాలి. తెడ్డు వేంపల్లెలో ఉండిపోయింది. ఇక్కడ దొరికింది చపాతీ కర్ర.

ఇంట్లో అయితే నేల మీద కూర్చుని, గిన్నెను రెండు పాదాల నడుమ బిగించి, తెడ్డుతో రెండు చేతులా గెలుకుతుంది. ఇక్కడి నేల అద్దంలాంటి పలకరాళ్లది. గిన్నె దించి పాదాల నడుమ పెట్టింది గానీ దాని అడుగు నున్నగా ఉంది. కర్ర ఒక చుట్టు తిప్పగానే గిన్నె కూడా ఒక చుట్టు తిరిగింది. అప్పుడు ఇస్మాయిల్ తువ్వాలు చుట్టి పిడి పట్టుకున్నాడు. ఆమె బలంగా తిప్పింది. గిన్నె తిరిగింది, పిడి తిరిగింది, పిడితో పాటు లుంగీ కట్టిన మహారథి కూడా పలకరాళ్ల మీద జర్రున జారి ఫ్రిజ్జు దాకా వెళ్లి ఆగాడు. ఆ దృశ్యానికి దేవతలు పూలు చల్లలేదు గానీ, కిందింట్లో ఎవరో కర్రతో కప్పు మీద రెండు దెబ్బలు కొట్టారు.

పిండి గట్టిపడుతోంది. కలవని పిండి గడ్డకట్టి ఉంటలు తలలెత్తుతున్నాయి, ఒకటి, మూడు, ఏడు, రాక్షస సంతానంలా. ఆమె నుదుటి చెమట ముక్కు మీదికి కారింది. మనసులో సంచులు అప్పటికే ఒక అంతస్తు దిగాయి.

నాయనలారా, ఇక్కడ వినండి. మన సీమలో పుట్టిన ఆడది ఏమైనా ఓర్చుకుంటుంది, కండ్లెదుట సంగటి చెడిపోతుంటే మాత్రం ఓర్చుకోలేదు. జానీబీ సోఫా మీద కూర్చుని ఒక కాలు ఊపింది. రెండు చేతులూ ఒళ్లో బిగించింది. ముఖం అటు తిప్పుకుంది, మళ్లీ ఇటు తిప్పింది. చివరికి ఆమె లోపలి వంటమనిషి ఆమె లోపలి ఆడబిడ్డను తోసేసి లేచింది.

"అట్లా గెలికితే ఉంట సస్తాదా వదినా? దా ఇట్లా."

గిన్నెను తన పాదాల నడుమ ఇరికించుకుంది, మడమలకు తడిగుడ్డ అడ్డం పెట్టి. కర్రను పైన ఆమె పట్టింది, దాని కిందుగా మెహబూబున్నీసా పట్టింది. ఇద్దరూ మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా ఎదురెదురుగా కూర్చుని, నలభై ఏండ్లలో ఒకరి మీద ఒకరికి ఉన్నదంతా ఆ టీ గిన్నెలో గెలికారు. ఉంటలు ఒక్కొక్కటే హతమయ్యాయి. తడిచేత్తో మెహబూబున్నీసా మూడు ముద్దలు తేల్చింది. ఒక్కొక్కటి నిమ్మకాయ కన్నా కాస్త పెద్దది.

ఇంటినుండి తెచ్చిన శనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి వేసి, నెయ్యి చుక్క వేసి పెట్టింది. ఆ ఇంట్లో పళ్లేలు రెండే, అందుకని ఇస్మాయిల్, గిన్నెకు మూతగా బోర్లించిన పళ్లెం కడుక్కుని అందులోనే తిందామని చూస్తే అది కూడా ఆ రెండింటిలో ఒకటి. ఆయన గిన్నెలోనే తిన్నాడు. జానీబీ మొదటి కబళం మింగింది. రెండవది మింగింది. మూడవ కబళంలో ఆగి, నాలుకతో ఏదో వెదికి, శనగబద్దంత ఉంటను తీసి పళ్లెం అంచున పెట్టింది.

ముగ్గురూ దాన్ని చూశారు.

"ఒగటి ఉండాది," అంది జానీబీ.

"నువ్వు గెలికిన పక్కదే అది," అంది మెహబూబున్నీసా.

జానీబీ చిక్కులో పడింది. వంటలో చేయి పెట్టినాక తీర్పు చెప్పే హక్కు ఎక్కడిది? ఉంట తనదని ఒప్పుకుంటే పరువు పోతుంది, వదినదని వాదిస్తే తాను గెలికిన గెలుకుడంతా వ్యర్థమవుతుంది. ఆ వీరనారి ఉంటను తిరిగి తీసుకుని, ఊరిబిండిలో అద్ది, మింగేసింది. చేయి కడుక్కుని, సంచుల జోలికి పోకుండా చెప్పులు వేసుకుని, గుమ్మంలో నిలబడి మాత్రం ఒక మాట అంది.

"ఎల్లుండి పోయేటప్పుడు మా ఇంట్లో తిని పోవల్ల. అది కూడా కాదంటే ఇంగ మీరెవురో నేనెవురో."

మెహబూబున్నీసా తలుపు వేసింది. గడియ పెట్టింది. ఇస్మాయిల్ ఆ మూసిన తలుపును కాసేపు చూసి నవ్వాడు, ఆమె ఆయన లుంగీకి అంటిన పిండి చూసి నవ్వింది. ఆ విధంగా, ఒక టీ గిన్నెతో, ఒక చపాతీ కర్రతో, శత్రుపక్షపు పాదాల సాయంతో, వేంపల్లె మెహబూబున్నీసా రెండు గదులూ ఒక వంటిల్లూ గల మహాసామ్రాజ్యాన్ని ఎల్లుండి పొద్దున పదింటి వరకు ఏకచ్ఛత్రంగా ఏలుకుంది. జయం.

ఈ కథ మరిచిపోకండి నాయనలారా. మీ పిల్లలకు చెప్పండి, బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పండి. ఇస్మాయిల్ ఫ్రిజ్జు దాకా జారిన సంగతి బాగా పెంచి చెప్పండి. ఉంట సంగతి వచ్చినప్పుడు మాత్రం, అది ఆవగింజంత ఉండిందని చెప్పండి.